సీటు దొరికితే చాలదు, చోటు దొరకాలి

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ ఈ సభలో విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు మమ్మల్ని ఆదేశిస్తుంటారు. మేము కూడా యేటేటా చదువు గొప్పతనాన్నే చెబుతూ వచ్చాము. మన దీన్‌లో మొట్టమొదట దిగివచ్చిన ఆజ్ఞ చదవమనే అన్న సంగతి ఇక్కడ కూర్చున్న చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. కాబట్టి ఈసారి చదువు గొప్పతనం జోలికి పోము. కాలేజీలో చేరి, నాలుగు నెలలు తిరక్కముందే మానేసిన ఒక పిల్లవాణ్ణి గూర్చి చెబుతాము. ఇందులో మా తప్పు కూడా వుంది. దాన్ని కూడా దాచుకోము.

ఆ పిల్లవాడు మా దగ్గరే పదవ తరగతి దాకా చదివాడు. ఇంటర్ కూడా ఉర్దూ మీడియంలోనే మంచి మార్కులతో పాసయ్యాడు. తండ్రి బండిమీద పండ్లు అమ్ముతాడు. డిగ్రీలో సీటు వచ్చింది, బి.ఎస్‌సి.లో చేరాడు. ఇదే వేదికమీద మనం అతనికి షీల్డు ఇచ్చాము, మిఠాయి తినిపించాము. ఆ యేటి సంచికలో అతని ఫోటో కూడా అచ్చు వేశాము. ఆ పిమ్మట అతడు యెలా వున్నాడని మనలో యెవ్వరమూ అడగలేదు. మేమూ అడగలేదు.

చలికాలంలో ఒకనాడు మా స్కూటరు బ్రేకు బాగు చేయించుకోవడానికి మెకానిక్ షెడ్డుకు వెళ్ళాము. నూనె చేతులతో ఒక కుర్రవాడు మమ్మల్ని చూచి ముఖం అటు తిప్పుకున్నాడు. వాడే. "బేటా, ఈ టైములో కాలేజీ లేదా?" అన్నాము. తల వంచుకున్నాడు. మళ్ళీ మళ్ళీ అడిగితే ఒకే మాట అన్నాడు: "వాఁ మేరా కోయీ నైఁ సర్." అక్కడ నాకు యెవ్వరూ లేరు సార్ అని.

డబ్బు లేదని అనలేదు. పాఠం కష్టంగా వుందని కూడా అనలేదు. అక్కడ తనకు యెవ్వరూ లేరన్నాడు. ఆ మాట ఆ రాత్రి మాకు నిద్ర పట్టనివ్వలేదు.

తరువాత వాళ్ళ ఇంటికి వెళ్ళి, టీ తాగుతూ కొంచెం కొంచెంగా సంగతి రాబట్టాము. జరిగింది చిన్నదే. కాలేజీలో అధ్యాపకులు పాఠం తెలుగులో వివరిస్తారు, నోట్సు ఇంగ్లీషులో చెప్పి రాయిస్తారు. మనవాడికి వివరణా సగమే అందింది, నోట్సూ సగమే అందింది. రెండు సగాలు కలిసి ఒకటి కాలేదు. ఒకరోజు ధైర్యం చేసి లేచి, తనకు వచ్చిన తెలుగులో "సార్, నువ్వు చెప్పింది సమజ్ కాలే" అన్నాడు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళను కూడా 'తుమే' అంటాము కదా. తుమే అంటే తెలుగులో నువ్వు అనుకున్నాడు పాపం. క్లాసంతా గొల్లున నవ్వింది. అధ్యాపకుడు కూడా నవ్వాడు. కోపంతో కాదు, ఊరికే నవ్వాడు. మర్నాటినుంచి పిల్లలు వాడికి 'నువ్వు సార్' అని పేరు పెట్టారు. ఆనాటినుంచి వాడు నోరు తెరవలేదు. వెనుక బెంచీకి పోయాడు. తరువాత వారానికి మూడు రోజులు, ఆ తరువాత ఒక రోజు. మొదటి సెమిస్టరు పరీక్ష ఫీజు కట్టవలసిన రోజున షెడ్డులో పనికి కుదిరాడు.

సోదరులారా, ఆ నవ్విన పిల్లలమీద మేము నింద వేయబోవడం లేదు. పద్దెనిమిదేళ్ళ పిల్లలు నవ్వుతారు. మనవాళ్ళున్న క్లాసులో ఒక తెలుగు పిల్లవాడు ఉర్దూలో తడబడితే మన పిల్లలు కూడా నవ్వుతారు. మేము నింద వేయవలసింది ముందుగా మామీదే. పదవ తరగతి పరీక్షలు రెండు నెలలు వున్నాయనగా తెలుగు పీరియడ్‌ను మేము లెక్కలకు వాడుకున్నాము. తెలుగు పాసు మార్కులు వస్తే చాలు, లెక్కలు ముఖ్యం అనుకున్నాము. బడి ఫలితాలు బాగా వచ్చాయని మెచ్చుకోలు కూడా పొందాము. లెక్కల్లో వాడికి మంచి మార్కులు వచ్చాయి గాని, 'మీరు' అనే ఒక్క మాట వాడికి నేర్పలేకపోయాము. ఆ ఒక్క మాట లేకనే వాడు పోయాడు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2005లో కేంద్రం నియమించిన జస్టిస్ సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివేవారిలో 25 మందికి ఒకరు, పి.జి. చదివేవారిలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలని అందులో రాశారు. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మనం నూటికి 13 మందికి పైగా వున్నాము. పై మెట్టుకు పోయినకొద్దీ మనవాళ్ళు తగ్గిపోతున్నారన్నమాట. అడుగు మెట్టు ఎక్కినవాళ్ళు అందరూ పైకి చేరడం లేదు, మధ్యలో దిగిపోతున్నారు.

సీట్ల సంగతి కొంత మెరుగయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 చట్టం ద్వారా మనలో వెనుకబడిన 14 వర్గాలకు బి.సి. 'ఇ' గ్రూపు కింద 4 శాతం రిజర్వేషను వచ్చింది. 2010లో హైకోర్టు దాన్ని కొట్టివేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. మన పాలమూరులోనే 2008లో విశ్వవిద్యాలయం పెట్టారు. 2016లో మైనారిటీ గురుకులాలు మొదలైనాయి. వీటివల్ల మేలు జరిగింది, కాదనలేము. అయితే ప్రభుత్వం ఇవ్వగలిగింది సీటు. ఆ సీటులో పిల్లవాడు జంకు లేకుండా కూర్చోవడం ప్రభుత్వ ఉత్తర్వుతో అయ్యే పని కాదు.

చదువు మానేసే పిల్లలను గూర్చి పండితులు చాలా ఆలోచించారు. అమెరికాలో విన్సెంట్ టింటో అనే ఆయన 1975లో ఒక పెద్ద వ్యాసం రాశారు. విద్యార్థి కాలేజీ చదువుతోనూ, అక్కడి మనుషులతోనూ కలిసిపోలేనప్పుడే మానేస్తాడని దాని సారాంశం. ఆ దేశంలోనే విలియం టియర్నీ అనే మరొక ఆచార్యుడు 1992లో దీనికి ఆక్షేపణ చెప్పారు. కలిసిపోవడమంటే అల్పసంఖ్యాకుల పిల్లలు తమ ఇంటినీ, తమ తీరునూ వదులుకొని రావలసిందేనా, కాలేజీ మాత్రం కొంచెమైనా మారనక్కరలేదా అన్నది ఆయన ప్రశ్న. అక్కడ అది నల్లవారి పిల్లలకూ, ఆదివాసుల పిల్లలకూ వచ్చిన ప్రశ్న. మన పిల్లలకు వచ్చిందీ అదే. ఇల్లు వదిలితేనే కాలేజీ దక్కుతుందంటే చాలామంది ఇంటినే పట్టుకుంటారు. వారిని తప్పుపట్టలేము.

మరి దారి యేమిటి? దీనికి జవాబు అమెరికాలో వెదకనక్కరలేదు. మన హైదరాబాదు చరిత్రలోనే వుంది. కాకపోతే అందులో మన స్థానం తారుమారుగా వుంటుంది. కొంచెం ఓపికపట్టి వినండి.

నిజాం కాలంలో ఈ రాజ్యంలో పై చదువులు చాలావరకు ఉర్దూలోకి మారాయి. 1917లో ఫర్మానా వచ్చి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. వైద్యం, ఇంజనీరింగుతో సహా ఉర్దూలో చెప్పారు. అందుకోసం దారుల్ తర్జుమా పెట్టి, శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. అది మనకు గర్వకారణమే. కాని పాలమూరునుంచి, కరీంనగరునుంచి, నల్లగొండనుంచి పట్నానికి వచ్చిన తెలుగు పిల్లవాడికి అది యెలా వుండి వుంటుంది? ఇంట్లో ఒక భాష, కాలేజీలో మరొక భాష. ఈనాడు మన పిల్లవాడు ఈదే యేరే ఆనాడు ఆ పిల్లవాడు ఈదాడు.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధనిలో ఒక సంఘసంస్కరణ సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షులు. అందులో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభికులు కొందరు గేలిచేశారు. తన భాషలో నోరు తెరిచినందుకు ఒక పెద్దమనిషిని నిండుసభలో నవ్వారన్నమాట. మా పిల్లవాడిమీద క్లాసులో లేచిన నవ్వు కూడా అలాంటిదే. అయితే తరువాత జరిగింది వేరు. ఆ అవమానం పడ్డవాళ్ళు ముఖం తిప్పుకొని ఇంటికి పోలేదు. మాడపాటి హనుమంతరావు గారి వంటి పెద్దలు కలిసి ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు.

అంతకు ముందే, 1901లో, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం వెలిసింది. 1918లో, సరిగ్గా ఉస్మానియా ఏర్పడిన యేడే, రాజబహదూర్ వెంకటరామారెడ్డి గారు రెడ్డి హాస్టలు పెట్టించారు. ఆయన తరువాత నగర కొత్వాలు అయ్యారు. జిల్లాలనుంచి వచ్చే పిల్లలకు అక్కడ అన్నం దొరికింది, పుస్తకం దొరికింది. అన్నిటికంటే ముఖ్యంగా, సాయంత్రం కాలేజీనుంచి వచ్చి తన భాషలో తన కష్టం చెప్పుకునే తోటివాడు దొరికాడు. మన జిల్లాకే కీర్తి తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ హాస్టలు బాధ్యతలు చూశారు. ఆ పిల్లలు ఉర్దూ చదువుకు దూరం కాలేదు, తెలుగునూ వదలలేదు. డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు ఉర్దూ మీడియంలో చదువుకొని, తెలుగు ఆచార్యులై, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం పొందారు. దాశరథి కృష్ణమాచార్య గారు గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు. ఆనాడు పరాయి భాషలా కనిపించింది చివరకు వాళ్ళకు రెండో ఇల్లయింది.

మేము చెప్పదలచిన అసలు మాట ఇదే. పిల్లవాడు కాలేజీలో నిలబడాలంటే కాలేజీ బయట వాడికి ఒక చోటు కావాలి. పగలు పడ్డ నవ్వును సాయంత్రం దించుకోవడానికి ఒక గది, ఒక మనిషి కావాలి. ఆ చోటు వాణ్ణి కాలేజీనుంచి వెనక్కి లాగేది కాకూడదు, రేపు మళ్ళీ కాలేజీకి పంపేది కావాలి.

దీనికి మా కళ్ళముందే మరొక ఉదాహరణ వుంది. మన వాడలోని ఒక అమ్మాయి డిగ్రీలో బి.ఎ. చేరింది. ఆమెకూ తెలుగు అంతంతే. బస్సు దిగి ఒంటరిగా నడవాలి, బురఖా చూచి ఆడపిల్లలే దూరం జరిగేవారట. రెండుసార్లు మానేస్తానంది. అదే కాలేజీలో మూడో యేడు చదువుతున్న పక్కవీధి అమ్మాయి రోజూ వచ్చి వెంటబెట్టుకొని పోయేది. అలా ఆరు నెలలు గడిచాయి. ఒకనాడు చరిత్ర అధ్యాపకురాలు సాలార్‌జంగ్ కాలం పాలనను గూర్చి చెబుతూ, "అమ్మా, నీకు ఉర్దూ వచ్చుగదా, ఈ మాటలు మాకు వివరించు" అన్నారు. జిలాబందీ, జమాబందీ, తహశీలు, దస్తావేజు, ఫిర్యాదు. అమ్మాయి ఒక్కొక్కటే చెప్పింది. ఇవన్నీ మేము రోజూ వాడే మాటలే కదా అని క్లాసు ఆశ్చర్యపోయింది. వారం తిరగకుండానే ఒక రైతు బిడ్డ తన తాత కాలంనాటి సేత్వార్ కాగితం నకలు పట్టుకొచ్చి, "అక్కా, ఇది ఉర్దూల వున్నది, మా ఇంట్ల యెవ్వరికీ చదవరాదు, జర చూడవా" అన్నది. ఈ అమ్మాయి చదివి పెట్టింది. అప్పటినుంచి నోట్సు ఇచ్చిపుచ్చుకోవడం, టిఫిన్ డబ్బా పంచుకోవడం మొదలైంది. ఆమె డిగ్రీ పూర్తిచేసి ఇప్పుడు బి.ఇడి. చదువుతోంది.

ఆ అబ్బాయికంటే ఈ అమ్మాయి తెలివైనదని కాదు. మార్కులు చూస్తే వాడివే ఎక్కువ. ఆమెను వెంటబెట్టుకొని పోయే ఒక మనిషి వుంది, ఆమెకు వచ్చినదాన్ని అడిగిన ఒక అధ్యాపకురాలు వుంది. తనకు వచ్చింది పదిమందికి పనికివస్తుందని తెలిసిన రోజున ఆ క్లాసు ఆమెదయింది.

ఇక మనం చేయవలసిన పనులు. పెద్దవి కావు, మన సంఘం శక్తికి మించినవీ కావు.

ఒకటి. సంఘం కార్యాలయంలో ముందు గది సాయంత్రం ఖాళీగానే వుంటుంది. మగ్రిబ్ తరువాత రెండు గంటలు దాన్ని తెరిచి వుంచుదాము. రెండు బల్లలు, ఒక లైటు, తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ నిఘంటువులు, పాత ప్రశ్నపత్రాలు చాలు. ప్రతి విద్యార్థి ఒక నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీసుకోవాలి. ముసల్లస్ అంటే త్రిభుజం అంటే ట్రయాంగిల్. జావియా అంటే కోణం అంటే యాంగిల్. ఖులియా అంటే కణం అంటే సెల్. జియాయీ తాలీఫ్ అంటే కిరణజన్య సంయోగక్రియ అంటే ఫోటోసింథసిస్. మన పిల్లలకు విషయం తెలియక కాదు, పేరు తెలియక మౌనంగా వుంటున్నారు. రోజుకు పది మాటలు రాసుకుంటే ఒక సెమిస్టరులో తేడా కనిపిస్తుంది. తెలుగు నేర్పడానికి మేము వస్తాము. 'మీరు', 'అండీ'లతోనే మొదలుపెడతాము. తెలుగు బాగా వచ్చిన మిత్రోపాధ్యాయులను కూడా బతిమాలి తీసుకొస్తాము. మా బాకీ తీర్చుకోవడానికి ఇదొక్కటే దారి. ఆడపిల్లలకు ఆదివారం పగటిపూట వేరుగా పెడదాము.

రెండు. మొదటి యేడు చేరిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఒక సీనియరును జతచేద్దాము. సంఘంలో ఒక రిజిస్టరు పెడదాము. వారం రోజులు కాలేజీకి పోలేదని తెలిస్తే ఇద్దరు సభ్యులు ఆ ఇంటికి పోవాలి. మందలించడానికి కాదు, టీ తాగి రావడానికి. చేరిన నాటినుంచి మొదటి పరీక్షల దాకా వున్న నాలుగైదు నెలలే గండం. అది గడిస్తే చాలామంది గట్టెక్కుతారు.

మూడు. కాగితాల సంగతి. పదవ తరగతి మెమోలో 'షేక్' అని పూర్తిగా, ఆధారులో 'ఎస్.కె.' అని పొట్టిగా, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేకుండా వుంటుంది. ఈ తేడాలవల్ల స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. కుల ధృవీకరణ, ఆదాయ ధృవీకరణ పత్రాలు వేసవి సెలవుల్లోనే సరిచేయించుకోవాలి. మనలో మీసేవ పనులు తెలిసిన కుర్రవాళ్ళు వున్నారు. వారు నెలకు ఒక ఆదివారం ఇస్తే చాలు.

నాలుగు. షీల్డు సంగతి. సీటు రాగానే షీల్డు ఇచ్చి ఫోటో తీస్తున్నాము. ఇకమీదట షీల్డు మొదటి యేడు పూర్తిచేసినవారికి ఇద్దాము. సీటు వచ్చినప్పుడు ఒక నిఘంటువు ఇద్దాము. ఈ సంచికలో ఫోటో కూడా అప్పుడే వేద్దాము.

ఐదు. తలుపు రెండువైపులా తెరుచుకోవాలి. రంజాన్‌లో ఒక ఇఫ్తారుకు కాలేజీ అధ్యాపకులను, మన పిల్లల తోటి విద్యార్థులను పిలుద్దాము. రాజకీయ నాయకులను పిలుస్తూనే వున్నాము, ఈ ఒక్కరోజు వీరిని పిలుద్దాము. జుమా నాడు ప్రాక్టికల్సు పడితే యెలాగని మన పిల్లలు మనసులోనే మథనపడతారు. అడిగితే సర్దుబాటు చేసే అధ్యాపకులు చాలామందే వున్నారు. అడగడానికి ముందు పరిచయం వుండాలి కదా.

ఇందులో ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అన్ని ఇళ్ళ కష్టమూ గదితో, నిఘంటువుతో తీరదు. తండ్రి మంచం పట్టిన ఇంట్లో పెద్దకొడుకు పనికి పోక తప్పదు. అటువంటి ఇళ్ళను సంఘం బైతుల్‌మాల్‌నుంచి ఆదుకోవాలి, దూరవిద్యలోనైనా పిల్లవాడి పేరు నిలపాలి. కాని కడుపు కాలి మానేసినవాడిని, మనసు విరిగి మానేసినవాడిని మనం ఒకే గాట కట్టి, మన పిల్లలకు చదువుమీద శ్రద్ధ లేదని చేతులు దులుపుకుంటున్నాము. రెండోవాడి విషయంలో మనకు ఏ సాకూ లేదు.

తల్లులకు ఒక విన్నపం. అమ్మాయి డిగ్రీ రెండో యేడులో వుండగా మంచి సంబంధం వచ్చిందని చదువు ఆపకండి. చదువు పూర్తి చేయనిస్తామన్న మాట నిఖానామా రాసే ముందే పెద్దల సమక్షంలో తీసుకోండి. ఆ మాట అడగడానికి సంఘం పెద్దలు మీవెంట వస్తారు.

విద్యార్థులకు ఒక మాట. క్లాసులో యెవరైనా నవ్వితే ఆ సాయంత్రం నేరుగా ఈ గదికి రండి. మాతో చెప్పండి. మేమూ కొంచెం నవ్వుతాము, ఎందుకంటే మేము కూడా మొదటిసారి తెలుగులో మాట్లాడినప్పుడు నవ్వులపాలైనవాళ్ళమే. ఆ తరువాత ఆ మాట యెలా అనాలో నేర్పుతాము. మర్నాడు మళ్ళీ కాలేజీకి పోండి. ఉర్దూ మీకు అడ్డం కాదు, అది మీ చేతిలోని దీపం. తెలుగు పరాయిది కాదు, మీరు పుట్టిన నేల మాట. ఇంగ్లీషు రోజూ కొంచెం కొంచెంగా వస్తుంది.

ఇక ఆ షెడ్డులోని పిల్లవాడు. పోయిన నెలలో వాళ్ళ ఇంటికి మళ్ళీ వెళ్ళాము. తండ్రి, "మాస్టర్ సాబ్, వాడు నాలుగు రూకలు తెస్తున్నాడు, ఇప్పుడు నేను పొమ్మనలేను, వద్దనలేను, వాణ్ణే అడగండి" అన్నాడు. వాణ్ణే అడిగాము. వచ్చే విద్యా సంవత్సరంలో మళ్ళీ దరఖాస్తు పెట్టుకో, ఫీజు సంగతి మేము చూస్తామన్నాము. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఈసారి నాతో యెవరైనా వస్తారా సర్?" అని అడిగాడు.

మేము వస్తామని మాట ఇచ్చాము. అయితే మేము ఒక్కరం యెంతమందితో పోగలము? అందుకే ఆ ప్రశ్నను ఈ సభ ముందు పెట్టి, సెలవు తీసుకుంటున్నాము. గది తాళంచెవి అధ్యక్షులవారి దగ్గర వుంది. ఈ సోమవారం మగ్రిబ్ తరువాత దాన్ని తెరిపించవలసిందిగా మా మనవి.

అల్లాహ్ మన పిల్లల చదువులో బర్కత్ ఇచ్చుగాక, వారి వెంట నడిచే ఓపిక మనకు ఇచ్చుగాక. ఆమీన్.

ఖుదా హాఫిజ్.